మైకుసెట్టులో లేని లోపం

టాటానగర్‌లోని బర్మామైన్స్ సందుల్లో రేడియో మెకానిక్ వరహాలు మాటకు తిరుగులేదు. ఫలానా సెట్టు ఇక పనికిరాదని అతనంటే జనం దాన్ని అటకెక్కించేవారు. ఇంకో పదేళ్లు పాడుతుందంటే తెచ్చి గూట్లో పెట్టి పైన గుడ్డ కప్పేవారు. పలాస దగ్గర పల్లెలో పుట్టి, పద్దెనిమిదో ఏట మేనమామ వెంట ఈ ఊరొచ్చాడు. కొన్నాళ్లు రైల్వేలో టెలిఫోను తీగల పని చేసి, ఆ తర్వాత ఒక ఇరుకు కొట్టు అద్దెకు తీసుకుని సొంతంగా కూర్చున్నాడు. నలభై ఆరేళ్లు వచ్చేసరికి అతనికి పిల్లల్లేరు, పొలం లేదు. ఉన్నదల్లా ఆ మాట విలువే. దానికి ఎక్కడ దెబ్బ తగులుతుందోనన్న భయంతో అతను ఒక రోజు ఒక అబద్ధం ఆడాడు. ఆ అబద్ధం గురించే ఈ కథ.

అది 1982. ఉగాది ఇంకా వారం ఉందనగా రమాదేవి ఒక పొడుగాటి పెట్టె పట్టుకుని కొట్టుకొచ్చింది. ఆమె భర్త బలరామ్ టాటానగర్‌లో గూడ్సు గార్డు. రమాదేవి పెళ్లికి ముందు నుంచీ అదే ఊళ్లోని కాసిడీహ్‌లో ఒక బెంగాలీ మాస్టారి దగ్గర హవాయియన్ గిటారు నేర్చుకుంది. మన వైపు ఆడపిల్లలకు వీణ నేర్పినట్టు ఆ ఊళ్లో ఈ గిటారు నేర్పేవారు. దాన్ని ఒళ్లో అడ్డంగా పడుకోబెట్టుకుని, ఎడమచేత్తో ఒక ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ వాయించాలి. రమాదేవిది కరెంటు గిటారు. దానికి వీణకున్నట్టు కుండ ఉండదు, అది ఒట్టి చెక్కపలక. యాంప్లిఫయరుకు తగిలిస్తేనే దానికి గొంతొస్తుంది.

"వయరు గుచ్చే సాకెట్టు వదులైపోయిందన్నయ్యా. పట్టుకుంటే గుండ్రంగా తిరిగిపోతోంది," అంది రమాదేవి. "ఉగాది రోజు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో నేను వాయిస్తున్నాను. కాసిడీహ్ గర్ల్స్ స్కూలు హెడ్‌మిస్ట్రెస్ వినడానికి వస్తున్నారు. వాళ్లకి మ్యూజిక్ టీచర్ కావాలట. నచ్చితే జూన్ నుంచి నన్నే తీసుకుంటామన్నారు."

"సాయంకాలానికి అయిపోద్దమ్మా. నిశ్చింతగా ఎల్లు," అన్నాడు వరహాలు.

ఆ రోజు బల్ల మీద ఎనిమిది రేడియోలు వరసలో ఉన్నాయి. పండగలోగా కావాలని ఎవరికి వాళ్లే తొందర పెడుతున్నారు. పైగా మధ్యాహ్నం నుంచి ఓల్టేజీ పడిపోయింది. వరహాలు పాత సాకెట్టు తీసి కొత్తది బిగించాడు. దానికి రెండు తీగలు టంకం పెట్టాలి. సన్న తీగ ఇట్టే అతుక్కుంది. టంకం దాని మీద పాదరసం బొట్టులా మెరిసింది. రెండోది జడలా అల్లిన లావుపాటి ఎర్తు తీగ. దానికి బాగా వేడి కావాలి. సోల్డరింగ్ ఐరన్ సరిగ్గా కాగలేదు. టంకం తీగలోకి ఇంకకుండా బూడిదరంగు ముద్దలా పైనే గడ్డకట్టింది. అది మంచి అతుకు కాదని అతనికి చూడగానే తెలిసింది. పట్టకారుతో కొంచెం లాగి చూశాడు. ఊడలేదు. పట్టుకుందిలే అనుకుని మూత బిగించేశాడు. గిటారును బల్ల మీద పెట్టి, కొట్లో ఉన్న చిన్న యాంప్లిఫయరుకు తగిలించి తీగలు మీటాడు. శుభ్రంగా పలికింది.

ఉగాది సాయంత్రం హాలు నిండింది. తెలుగు సంఘం సెక్రటరీ వెంకటరావు ముందు వరసలో హెడ్‌మిస్ట్రెస్ పక్కన కూర్చున్నాడు. వరహాలు భార్య నూకమ్మతో మూడో వరసలో ఉన్నాడు. స్టేజి పక్కన మైకుసెట్టు అసిరయ్య స్టూలు మీద కూర్చుని తన యాంప్లిఫయరును కనిపెట్టుకుని ఉన్నాడు. అసిరయ్యకు అరవై దాటాయి. కాంట్రాక్టు కూలీగా నడుం వంగిపోయాక, ఒక పాత వాల్వు యాంప్లిఫయరు, రెండు హారన్లు కొనుక్కుని పెళ్లిళ్లకూ పూజలకూ అద్దెకిస్తూ బతుకుతున్నాడు. సెట్టును బిడ్డలా చూసుకుంటాడని అందరూ అనేవారు.

రమాదేవి మొదటి కీర్తన అద్భుతంగా వాయించింది. హెడ్‌మిస్ట్రెస్ తల ఊపుతూ విన్నది. రెండోది మొదలుపెట్టి పల్లవి దాటిందో లేదో, హారన్లలో పెనం మీద నీళ్లు చిలికినట్టు చిటపటలు వచ్చాయి. తర్వాత గుయ్యిమని పెద్ద హోరు. దాని కింద పాట ములిగిపోయింది. ఒక క్షణం తేలింది, మళ్లీ ములిగింది. రమాదేవి ఆపింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ హోరు.

"ఏటయ్యా అసిరయ్యా, ఆ డబ్బా సంగతి సూడు," అన్నాడు వెంకటరావు.

అసిరయ్య గబగబా వయరు మార్చాడు. లాభం లేదు. వెనక వరసల్లో ఎవరో ఈల వేశారు. వాయించడం రాకపోతే ఇంటికి పొమ్మని ఇంకెవరో హిందీలో అరిచారు. రమాదేవి తలెత్తలేదు. ఉక్కు కడ్డీని తీగల మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"వరహాలు గారూ, మీరోసారి వచ్చి చూడండి," అని పిలిచాడు వెంకటరావు.

వరహాలు స్టేజి ఎక్కాడు. గిటారు ముందు మోకాళ్ల మీద కూర్చుని, సాకెట్టు దగ్గర వయరును వేలితో కొంచెం పైకెత్తాడు. హోరు టక్కున ఆగిపోయింది. వేలు తీశాడు. మళ్లీ వచ్చింది. బూడిదరంగు ముద్ద కళ్ల ముందు కదిలింది. వయరు బరువుకు సాకెట్టు కిందికి లాగినప్పుడల్లా లోపల అతుకు విడిపోతోంది. గిటారు ఒళ్లో ఉన్నప్పుడే వయరు వేలాడుతుంది. తను బల్ల మీద పెట్టి చూశాడు కాబట్టి ఆ రోజు తెలియలేదు.

"ఎక్కడుందండీ లోపం?" అని కింద నుంచి అడిగాడు వెంకటరావు.

హాలంతా తనవైపే చూస్తోంది. అందులో సగం మంది ఇళ్లలో తను బాగుచేసిన రేడియోలున్నాయి. వరహాలు లేచి నిలబడ్డాడు.

"యాంప్లిఫయరులోనే ఉన్నట్టుంది. గిటారు గుచ్చిన ఛానెలు పోయినట్టుంది," అన్నాడు.

వయరెత్తితే హోరెందుకు ఆగిందనీ, అదే యాంప్లిఫయరు మీద మైకు బాగానే పనిచేస్తోంది కదా అనీ ఎవరూ అడగలేదు. చెప్పింది వరహాలు. అసిరయ్య లేచి తన సెట్టు మూత మీద చెయ్యి వేసి చూశాడు. హెడ్‌మిస్ట్రెస్ వాచీ చూసుకుని, వెంకటరావుకు నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. రమాదేవి గిటారును పెట్టెలో సర్దుకుని వెనక తలుపులోంచి దిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే అసిరయ్య రిక్షాలో యాంప్లిఫయరు పెట్టుకుని కొట్టుకొచ్చాడు.

"సూడు తమ్ముడా. ఇన్నేళ్లలో ఇదెప్పుడూ నా పరువు తియ్యనేదు. ఏటయిందో సూడు," అన్నాడు.

వరహాలు మూత తీశాడు. లోపల దుమ్ము రవ్వ లేదు. గిటారు గుచ్చిన సాకెట్టుకు ఒక రికార్డు ప్లేయరు తగిలించి అరగంట పాడించాడు. పెన్సిలుతో ఒక్కో వాల్వునూ తట్టి చూశాడు. ఉన్నదాన్ని వెతికేవాడి కంటే లేదని తెలిసిన దాన్ని వెతికేవాడికే శ్రమ ఎక్కువని ఆ పొద్దు అతనికి తెలిసొచ్చింది. అసిరయ్య స్టూలు మీద కూర్చుని కన్నార్పకుండా చూస్తున్నాడు.

"ఏటీ అవుపడ్డం లేదన్నా," అన్నాడు వరహాలు చివరికి.

"అవుపడకపోడమేటి. అందరి ముందూ నువ్వే కదా సెప్పినావు. నువ్వు సెప్పినావంటే ఉంటాది. నిదానంగా సూడు. నాకేటీ తొందర్లేదు."

వరహాలు ఇంకో పావుగంట యాంప్లిఫయరు లోపలికి చూస్తూ కూర్చున్నాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. కొట్లో వేరే ఎవరూ లేరు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. నోరు తెరిస్తే వేరే మాట బయటికొచ్చింది.

"ఇదిగో, ఈ వాల్వు నీరసపడింది," అంటూ బంగారంలాంటి వాల్వును పీకి, దాని చోట ఇంకోటి పెట్టాడు.

"అదీ సంగతి," అన్నాడు అసిరయ్య. అతని మొహం వికసించింది. "నువ్వు గాబట్టి పట్టినావు. ఇంకోడైతే మొత్తం ఇప్పీసి పాడు సేసీసును." వెళ్తూ వెళ్తూ రెండు చేతులూ జోడించాడు. వరహాలు ఆ వాల్వును సొరుగులోకి తోసేశాడు.

దాంతో ఆగిపోయి ఉంటే వరహాలు మెల్లగా మరిచిపోయేవాడేమో. కాని వెంకటరావు శ్రీరామనవమికి సాక్చి బజారు నుంచి వేరే మైకుసెట్టు మాట్లాడేశాడు. లోపం బాగుచేయించానని అసిరయ్య ఎంత చెప్పినా, ఈసారికి అయిపోయింది పొమ్మన్నాడు. అసిరయ్య సెట్టు మధ్యలో నోరు మూసుకుంటుందన్న మాట పేటలో తిరిగింది. వేసవి పెళ్లిళ్లకు ఎవరూ అతన్ని పిలవలేదు. అసిరయ్య ఇల్లు వరహాలు ఇంటి సందులోనే. వరహాలు రోజూ ఆ వరండా ముందు నుంచే కొట్టుకు వెళ్లాలి. గోనెపట్టా కప్పిన యాంప్లిఫయరు, పక్కన బోర్లించిన హారన్లు కనపడేవి. కొన్నాళ్లకు అతను చుట్టు తిరిగి రైలుకట్ట పక్క దారిన వెళ్లడం మొదలుపెట్టాడు.

"ఇదేం నడక? దగ్గరి దారి ఉండగా ఎండలో అంత దూరం," అని అడిగింది నూకమ్మ.

"కాళ్లు పట్టేసినట్టుంటే నడుత్తన్నాను," అన్నాడు. అన్నం సగం తిని లేచిపోతున్నాడని కూడా ఆమె గమనించింది. డాక్టరుకు చూపించుకోమంది. నవ్వేసి ఊరుకున్నాడు. పని చేస్తుంటే చేతులు పూర్వంలాగే ఆడేవి. ఎవరైనా "వరహాలు చేస్తే ఇక చూసుకోనక్కర్లేదు" అన్నప్పుడు మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకునేది.

మే నెలాఖరున కలకత్తా నుంచి స్పేరు పార్టుల పార్సిలు వస్తే విడిపించుకోడానికి టాటానగర్ స్టేషనుకు వెళ్లాడు. పార్సిలాఫీసు ముందు, తడిపిన తువ్వాలు తలకు చుట్టుకుని ఒక ముసలాయన తోపుడుబండి నెడుతున్నాడు. చక్రం ప్లాట్‌ఫారం పగుల్లో ఇరుక్కుంది. వరహాలు సాయం పట్టబోయి ఆగిపోయాడు. అసిరయ్య.

"నువ్వా తమ్ముడా," అని పలకరించాడు అసిరయ్య రొప్పుతూ. "సెట్టు మూల కూకుంది గదా, నానూ కూకుంటే ఎలాగ. మా ఊరోడొకడు ఇక్కడ జమాదారు. వాడి పుణ్యాన ఈ పని దొరికింది." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వేసిన వాల్వు మాత్రం శానా బాగుంది. ఇంట్లో అప్పుడప్పుడూ పెట్టి సూత్తంటాను. గంటలా మోగుతాది."

వరహాలు వంగి బండి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి చక్రాన్ని పగుల్లోంచి లేపారు. అసిరయ్య వంగిన నడుంతో బండి నెట్టుకుంటూ వెళ్లిపోయాడు. వరహాలు పార్సిలు విడిపించుకోవడం మరిచిపోయి బయటికొచ్చాడు. స్టేషను వెనకే రైల్వే క్వార్టర్లు. పావుగంటలో రమాదేవి గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు.

బలరామ్ డ్యూటీలో ఉన్నాడు. రమాదేవి కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది.

"గిటారు ఓసారి సూడాలమ్మా," అన్నాడు వరహాలు.

"ఛోడియే అన్నయ్యా, వదిలెయ్యండి. నేను వాయించడం మానేశాను."

"ఒక్కసారి."

ఆమె మంచం కింద నుంచి పెట్టె లాగింది. ఇంట్లో సాధనకు వాడే చిన్న యాంప్లిఫయరు తెచ్చిపెట్టింది. వరహాలు గిటారును బల్ల మీద పెట్టి మీటాడు. శుభ్రంగా పలికింది. అంతటితో మూసేసి, బాగానే ఉందమ్మా అని లేచి వెళ్లిపోవచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు.

"ఒళ్లో పెట్టుకుని నువ్వు వాయించమ్మా," అన్నాడు.

రమాదేవి అయిష్టంగానే కూర్చుంది. రెండు నెలలు ముట్టని చెయ్యి మొదట తడబడి, అంతలోనే దారిన పడింది. రెండు నిమిషాలు గడిచాయి. చిటపట. తర్వాత హోరు. నిప్పు తగిలినట్టు ఆమె తీగల మీంచి చేతులు తీసేసింది.

"చూశారా. ఇక్కడా అంతే. అసిరయ్య గారి సెట్టు లేకపోయినా అంతే. నాదే ఏదో..." అని ఆగిపోయింది.

వరహాలు జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి పలక కింది మూత విప్పాడు. ఎర్తు తీగను కొనవేలితో కదిపాడు. అది టంకం ముద్దలోంచి చెప్పులోంచి కాలొచ్చినట్టు జారి బయటికొచ్చింది. ముద్దలో గుండ్రటి బెజ్జం మిగిలింది. టంకం ఆ తీగకు ఒక్క రోజు కూడా అతుక్కోలేదు. చుట్టూ గూడు కట్టుకుని కూర్చుందంతే.

"ఏం కనిపించింది?" అని వంగి చూసింది రమాదేవి.

"ఇది నాను పెట్టిన అతుకమ్మా. సరిగ్గా కాగలేదు. పెట్టినప్పుడే తెలుసు నాకు, సరిగ్గా నేదని. పనితొందర్లో మూసీసినాను."

ఆమె ఆ బెజ్జాన్ని వేలితో తాకి చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది, "మరి ఆ రోజు స్టేజి మీద?"

"అనుమానం వచ్చింది."

"అనుమానమేనా?"

వరహాలు స్క్రూడ్రైవరును చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "కాదు. తెలుసు," అన్నాడు.

రమాదేవి కుర్చీలో వెనక్కి జరిగింది. ఆమె ఏడవలేదు, గొంతు పెంచలేదు. "స్కూలు ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను," అంది. "నా చెయ్యే తడబడి ఏదో తప్పు జరిగిందనుకున్నాను. గిటారు ముట్టుకుంటే ఆ ఈల వినపడేది. మాస్టారికి మొహం చూపించలేదు రెండు నెలలు. మీకు తెలిసి కూడా మీరు..." మాట పూర్తి చెయ్యకుండా లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది. అటు తిరిగే అడిగింది, "అసిరయ్య గారికి చెప్పారా?"

"లేదమ్మా."

"మరి ముందు నా దగ్గరికెందుకొచ్చారు? ఆయన కడుపు కొట్టారు మీరు. వెళ్లండి. గిటారు ఇక్కడే ఉండనివ్వండి. వేరే ఎవరిచేతైనా చేయించుకుంటాను."

ఆ సాయంత్రం వరహాలు సొరుగులోంచి వాల్వు తీసుకుని, చాలా రోజుల తర్వాత మొదటిసారి దగ్గరి దారిన నడిచాడు. అసిరయ్య స్టేషను నుంచి వచ్చి వరండా మెట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. పక్కన జరిగి చోటిచ్చాడు. వరహాలు కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. అతుకు గురించి, స్టేజి మీద వేలితో వయరెత్తిన సంగతి, కొట్లో తీసిన వాల్వు సంగతి.

అసిరయ్య అంతా విని అడిగాడు, "అయితే ఆ వాల్వు బాగున్నదే?"

"బాగున్నదే అన్నా."

"ఏది?"

వరహాలు ఇచ్చాడు. అసిరయ్య దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, తువ్వాలు కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. "నాను నీకు దణ్ణం ఎట్టినాను ఆ రోజు," అన్నాడు. ఆ తర్వాత మొహం సందువైపు తిప్పుకున్నాడు. తిట్టినా, కాలర్ పట్టుకున్నా వరహాలుకు కొంత తేలికగా ఉండేది. కాసేపు నిలబడి, అసిరయ్య తనవైపు ఇక చూడడని అర్థమయ్యాక వచ్చేశాడు.

నూకమ్మకు చెప్పాడు. ఆమె విని, "ఇదా నువ్వు నడిచిన నడక," అని మాత్రం అంది. మర్నాడు వెంకటరావు ఇంటికి వెళ్లి చెప్పాడు. వెంకటరావు మొదట నమ్మలేదు. నమ్మాక, ఇప్పుడు చెప్పి ఏం లాభం అన్నాడు. సంఘం మీటింగులో అందరి ముందూ చెప్పనిమ్మని వరహాలు పట్టుబట్టాడు. ఆదివారం ముప్పైమంది కూర్చున్న గదిలో లేచి చెప్పాడు. కాసిడీహ్ వెళ్లి హెడ్‌మిస్ట్రెస్‌కు కూడా తనకొచ్చిన హిందీలో చెప్పాడు. ఆమె మర్యాదగా విని, టీచర్ని ఎప్పుడో తీసేసుకున్నామంది.

జూన్‌లో బల్ల మీద రేడియోలు తగ్గాయి. కొందరు వేరే కొట్టు చూసుకున్నారు. వస్తున్నవాళ్లు కూడా, సెట్టు తీసుకునేటప్పుడు కాసేపు పాడించి చూపించమని అడగడం మొదలుపెట్టారు. వరహాలు విసుక్కోకుండా పాడించి చూపించేవాడు.

వినాయకచవితికి వెంకటరావు అసిరయ్యకు కబురు పెట్టాడు. అసిరయ్య వారం రోజులు పార్సిలాఫీసు పని మాని, హారన్లకు రంగు వేయించుకుని వచ్చాడు. రమాదేవి గిటారు వేరేచోట బాగుచేయించుకుంది; ఆమె క్వార్టర్లో అప్పటికే ఐదుగురు ఆడపిల్లలు గిటారు నేర్చుకుంటున్నారు. వాళ్లను పందిరిలో ముందు వరసలో కూర్చోబెట్టి ఆమె వాయించింది. ఎక్కడా చిన్న చప్పుడు లేదు. రెండో పాటలో అదే పల్లవి దాటుతున్నప్పుడు పందిట్లో చాలామంది ఊపిరి బిగబట్టారు. ఆమె కళ్లు మూసుకుని దాటేసింది.

వరహాలు లోపలికి వెళ్లలేదు. పందిరి చివర గుంజ పక్కన నిలబడి విన్నాడు. పాట మధ్యలో ఎవరో మోచేయి తాకించారు. తిరిగి చూస్తే అసిరయ్య. మూడు నెలల్లో అతను వరహాలుతో మాట్లాడింది అదే మొదలు.

"హారను వయరు మీద నిలబడినావు. కాలు తియ్యి," అన్నాడు.

వరహాలు పక్కకు జరిగాడు. అసిరయ్య వయరును నేల మీద సరిచేసి, మళ్లీ తన స్టూలు దగ్గరికి వెళ్లిపోయాడు.